ఇరవై లీటర్ల చేను

తుక్కుగూడలో శ్రీశైలం రోడ్డు దిగి రెండు గల్లీలు లోపలికి పోతే ఒక మేడ. కింద రెండు గదులు కిరాయికి, పైన ఇంటివాళ్లు, ఆపైన మిద్దె. మిద్దె మీద నిలబడితే పడమట శంషాబాదు దిక్కు విమానాలు దిగుతూ కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఔటర్ రింగు రోడ్డు దీపాలు వెలుగుతాయి. కథంతా ఆ మిద్దె మీద నడిచిందే. నీతి కథ కాబట్టి ఇందులో ఎవరికీ పేర్లు లేవు. అవ్వ, కొడుకు, కోడలు, కింద గదిలో కిరాయికుండే మదనపల్లె డ్రైవరు. ఇంకా ఎనిమిది పెయింటు బకెట్లు.

అవ్వకు ఒకప్పుడు రెండెకరాల ఎర్ర చల్క ఉండేది. విమానాశ్రయం వస్తదన్న మాట పుట్టినప్పుడు ఒక ఎకరం పోయింది, రింగు రోడ్డు పడ్డాక రెండోది. ఎవరూ గుంజుకున్నది కాదు. ప్లాట్లు చేసేవాళ్లు వచ్చారు, ధర చెప్పారు, సంచిలో డబ్బు తెచ్చి మంచం మీద పెట్టారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచేనాటికే అవ్వ మొదటి ఎకరంలో హద్దురాళ్లు పాతి వాటికి తెల్లసున్నం కొట్టి ఉంది. ఆ డబ్బుతో ఈ మేడ లేచింది, ఒక ఆడపిల్ల పెళ్లయింది, కొడుకు కారు కొన్నాడు. కారు కొన్న మూడేళ్లకు డబ్బు అయిపోయింది. ఇంకో రెండేళ్లకు కారూ పోయింది. కొడుకు ఇప్పుడు విమానాశ్రయంలోనే సరుకు ఎక్కించే దింపే పనిలో ఉన్నాడు, ఎక్కువగా రాత్రి డ్యూటీ.

ఆ రెండెకరాల్లో అవ్వ పండించింది టమాట. సాయంత్రం కోసి, రాత్రి డీసీఎం బండికెత్తి, తెల్లవారకముందే మాదన్నపేట మండికి చేర్చేది. ఇరవై అయిదు కిలోల బాక్సును చేత్తో ఒకసారి లేపితే చాలు, కిలో తగ్గిందో అరకిలో ఎక్కువైందో చెప్పగలిగేది. మండిలో దలారులకు అవ్వ చెయ్యంటే కొంచెం భయం. కాంటా మీద మోసం చెయ్యొచ్చు గానీ ఆ చేతి మీద చెయ్యలేమని అనుకునేవారు. ధర లేనప్పుడు కాయలు రోడ్డు పక్కన పారబోసి ఖాళీ బాక్సులతో ఇంటికొచ్చిన రోజులూ ఉన్నాయి. టమాట రైతు జీవితం తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు.

2023 జులైలో టమాట కిలో నూరు రూపాయలు దాటింది. కోడలు చారులోకి చింతపండు ఒక్కటే వేసింది. ఓ రోజు కాదు, మూడు వారాలు. అవ్వ అన్నం ముందు కూర్చుని చారు గిన్నె వంక చూసి, “నా ఇంట్ల టమాట కొనలేకపోవుడా!” అంది. అంతకుమించి ఏమీ అనలేదు. దసరా పోయాక కొడుకు స్నేహితుడొకడు పెయింటింగు పని చేసే చోట నుంచి ఇరవై లీటర్ల ఖాళీ బకెట్లు ఎనిమిది తెప్పించుకుంది. నర్సరీ నుంచి నారు తెచ్చుకుంది.

ఇక్కడ మీరు అనుకునేది నాకు తెలుసు. ముప్పై ఏళ్లు టమాట పండించిన మనిషికి ఎనిమిది బకెట్లు ఒక లెక్కా అని. అవ్వ కూడా అదే అనుకుంది.

ముందు చేసిన తప్పు మట్టి దగ్గర. పక్క ప్లాటులో ఇల్లు కట్టడానికి తవ్విన ఎర్రమట్టిని తెప్పించి బకెట్లలో ఒత్తి ఒత్తి నింపింది. చేనులో ఆ మట్టే కదా బంగారం పండించింది! కానీ చేనులో మట్టిని వానపాములు గుల్ల చేస్తాయి, పాత వేళ్లు కుళ్లి దారులు చేస్తాయి, ఎండకు బీటలిచ్చి వానకు కలుసుకుంటుంది. బకెట్లో ఈ పనులు చేసేవాళ్లెవరూ లేరు. నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి మట్టి ఇటుకలా బిగుసుకుంది. నీళ్లు పైన నిలబడి, అంచుల వెంట జారి, అడుగు బొక్కల్లోంచి అట్లే బయటికి పోయాయి. అవ్వ తిట్టుకుంటూ అన్నీ కుమ్మరించి, మట్టిలో మాగిన పేడెరువు, కొబ్బరి పొట్టు కలిపి మళ్లీ నింపింది. నారును మెడ దాకా లోతుగా నాటింది. టమాట కాండం మట్టిలో ఎంత మునిగితే అంత మేరా వేళ్లు పుట్టిస్తుంది, ఆ ఒక్క విషయంలో చేను నేర్పిన పాఠం బకెట్లో కూడా చెల్లింది.

రెండో తప్పు నీళ్ల దగ్గర. యాసంగి టమాటకు చలికాలంలో వారానికో పది రోజులకో ఒక తడి, ఎండలు ముదిరితే అయిదారు రోజులకొకటి. అవ్వకు ఇది లెక్క కాదు, ఒంట్లో ఉన్న అలవాటు. ఆ అలవాటు ప్రకారమే బకెట్లకు నిండా తడి పెట్టి మళ్లీ ఆదివారం దాకా పైకి ఎక్కలేదు. నాలుగో రోజు కోడలు బట్టలు ఆరేయడానికి పోయి, “అత్తమ్మా, మీ చెట్లు తలకాయలు వంచినయి” అని కేకేసింది. అవ్వ ఎక్కి చూసి మొక్కల మీదే కోపం తెచ్చుకుంది. “గింత నాజూకైతే ఎట్లనే? చేన్ల ఉన్నదానివైతే వారం కాదు, పది దినాలు ఓర్చుకునేదానివి” అంది, ముందు నిలబెట్టి మరీ.

చేన్లో ఉన్నదైతే నిజంగానే ఓర్చుకునేది. గుల్ల నేల దొరికితే టమాట వేరు మూడడుగులకు పైగా దిగుతుంది, పై మట్టి ఎండితే కిందికి పోయి తేమ వెతుక్కుంటుంది. బకెట్లో వేరు రెండు వారాలకే గోడను తాకుతుంది. ఆ గోడ ఎండకు కాగుతుంది. దాని వెంటే వేరు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఎంత పోసినా ఆ మట్టిలో నిలిచేది కొన్ని లీటర్లే, అందులోనూ మొక్కకు అందేది కొంతే. ఎదిగి కాయ పట్టిన మొక్క మార్చి ఎండలో రోజుకు రెండు లీటర్ల పైన తాగేస్తుంది. కాబట్టి లెక్క మీరే వేసుకోవచ్చు.

ఇక కొడుకు. మంచివాడు, కాకపోతే అతని మంచితనం డ్యూటీ చార్టును బట్టి నడుస్తుంది. అయిదారు రాత్రులు పనిలో ఉంటాడు, ఆ రోజుల్లో ఇంటికొచ్చి పడుకోవడమే. సెలవు దొరికితే మాత్రం ఆరు రోజుల ప్రేమను ఒక్క పూటలో చూపిస్తాడు. అమ్మ మిద్దె మీద తోట వేసిందని సంబరపడి, ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఎరువుల దుకాణం నుంచి పందొమ్మిది-పందొమ్మిది-పందొమ్మిది పొడి, చిన్న సంచి యూరియా తెచ్చాడు. ఒక్కో బకెట్టుకు గుప్పెడు యూరియా వేసి నిండా నీళ్లు పోసి, చేతులు దులుపుకుని డ్యూటీకి పోయాడు. గుప్పెడు యూరియా చేనులో ఎన్ని మొక్కలకు పంచాలో అవ్వకు తెలుసు, కానీ ఆమె చూసేసరికే అది కరిగిపోయింది. రెండు మొక్కల ఆకులు అంచుల్లో మాడాయి. మిగతా ఆరు నల్లటి పచ్చదనంతో ఏపుగా లేచి, పూత లేకుండా ఆకుల పొదల్లా నిలబడ్డాయి.

కోడలి పద్ధతి వేరు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు ఊరికే మోరీలో పోవడం ఆమెకు నచ్చదు. మధ్యాహ్నం వంటయ్యాక ఆ నీళ్లు తెచ్చి వంతులవారీగా పోసేది.

అంటే పొద్దున డ్యూటీ దిగి వచ్చిన కొడుకు పడుకోబోయే ముందు పోసేవాడు, మధ్యాహ్నం కోడలు, సాయంత్రం వారం లెక్క వదిలేసిన అవ్వ. ఒకరు పోసినట్టు ఇంకొకరికి తెలియదు. సంక్రాంతి దాటేసరికి మొక్కల కింది ఆకులు పసుపు తిరిగాయి, కొమ్మలు వాలాయి. వాలిన కొమ్మను చూస్తే ముగ్గురికీ ఒకటే అనిపించింది, దాహం వేసిందని. ముగ్గురూ ఇంకొంచెం పోశారు.

అసలు మాయంతా ఇక్కడే ఉంది. దాహంతో ఉన్న మొక్కా, మునిగిన మొక్కా ఒకేలా తల వంచుతాయి. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు చుట్టూ ఉన్న నీళ్లను కూడా తాగలేదు. నీళ్లలో నిలబడి దాహంతో చచ్చిపోతుంది. అలా రెండు మొక్కలు పోయాయి. అవ్వ పీకి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, చేతి వేళ్ల మధ్య నలిపితే తొక్క ఊడి వస్తున్నాయి. ఆ రోజు ముగ్గురూ మిద్దె మీద నిలబడ్డారు.

“నువ్వు పోసినవా?” అంది అవ్వ.

“పోసిన. నువ్వు?”

“నేను గూడ పోసిన.”

కోడలు ఖాళీ గిన్నె పట్టుకుని ఏమీ అనలేదు.

మిగిలినవి ఆరు. ఎరువు తిండి ఆగింది కాబట్టి అవి మెల్లగా పూతకొచ్చి పిందె పట్టాయి, ముందు పట్టినవి కొన్ని పండడానికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే శివరాత్రి వచ్చింది, 2024 మార్చి 8. రెండు గల్లీల అవతలి రోడ్డు పేరే శ్రీశైలం రోడ్డు, ఆ దారిన నడిచిపోయే మాలధారులను చూస్తూ ఇంట్లో కూర్చోవడం ఎవరి తరం! అందరూ బస్సెక్కి మూడు రోజులు పోయారు. పోతూ పోతూ ఎవరికి వాళ్లు బకెట్లు నిండా పోసే పోయారు. తిరిగొచ్చేసరికి ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. కొడుకు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైపుతో ఒక్కో బకెట్టులో నీళ్లు పొర్లిపోయేదాకా పోశాడు. మర్నాటికి మొక్కలు తేరుకున్నాయి, కానీ రంగు తిరుగుతున్న నాలుగు కాయలు తొడిమ దగ్గర్నుంచి పగిలాయి. ఎండకు బిగిసిన తొక్క లోపలికి ఒక్కసారిగా వచ్చిన నీటికి చోటివ్వలేకపోయింది.

“ఏందమ్మా గిట్ల పగిలినయి?” అన్నాడు కొడుకు, పగిలిన కాయను చేతిలో తిప్పుతూ.

“భూమి పైసలు వచ్చినప్పుడు మనం పగిలినట్లు” అంది అవ్వ. ఆ మాట కోపంతో అన్నది కాదు. అయినా కొడుకు కిందికి దిగిపోయి ఆ రోజు అన్నం తినలేదు.

రెండు వారాలయ్యాక అసలు దెబ్బ కనిపించింది. పచ్చి కాయల అడుగున, పువ్వు రాలిన చోట, గోధుమరంగు మచ్చ. మూడు రోజుల్లో అది నల్లబడి తోలులా గట్టిపడి లోపలికి కుంగింది. పైనుంచి చూస్తే నిగనిగలాడే కాయ, తిప్పితే నల్లటి అడుగు. ఆరు మొక్కల మీద పదిహేను కాయలు అలా అయ్యాయి. కొడుకు మళ్లీ ఫోను తెరిచాడు. కాల్షియం లోపమని తేలింది. కాల్షియం సీసా వచ్చింది, ఆకుల మీద పిచికారీ అయింది. కోడుగుడ్ల పెంకులు దంచి వేశారు, అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుందని ఎవరికీ తట్టలేదు. పక్కింటివాళ్లు ఎప్సమ్ సాల్టు వేయమన్నారు. అందులో ఉండేది మెగ్నీషియం, అది ఎక్కువైతే కాల్షియానికే అడ్డం పడుతుంది. సలహా ఇచ్చేవాళ్లకు ఆ చింత ఉండదు. ఎన్ని చేసినా కొత్త కాయల అడుగులూ నల్లబడుతూనే వచ్చాయి.

కింద గదిలో ఉండే మదనపల్లె డ్రైవరు విమానాశ్రయానికి క్యాబు తోలతాడు. టమాట మార్కెట్టుకే పేరుపడ్డ ఊరి మనిషి. ఒకరోజు మిద్దె మీదికి బట్టలకని వచ్చి కాయ తిప్పి చూసి, “సున్నం చాలక వచ్చేది అవ్వా ఇది. మా పక్క బోరు ఆగిపోయి డ్రిప్పు సరిగ్గా అందకపోతే వస్తాది” అన్నాడు.

అవ్వ మాట్లాడకుండా కిందికి పోయి నీళ్లు కాచే గిన్నె తెచ్చి అతని ముందు వాల్చి చూపించింది. లోపలంతా వేలి మందాన తెల్లటి పొర. “సున్నం లేదా? ఈ బోరు నీళ్లల్లనా? గిన్నె గీకితే ఇల్లుకు సున్నం కొట్టొచ్చు.” అది నిజం. గిన్నెకు పట్టే ఆ పెచ్చు సున్నమే. బకెట్ల అంచుల చుట్టూ కూడా నీరింకిన చోటల్లా తెల్లటి గీత కట్టి ఉంది. చుట్టూ సున్నం, మధ్యలో సున్నం అందక నల్లబడిన కాయ.

డ్రైవరు తల గోక్కుని వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం ఆ గిన్నెను పక్కన పెట్టుకుని బకెట్ల మధ్య చాలాసేపు కూర్చుంది. బోరు ఆగిపోయి, డ్రిప్పు అందకపోతే అన్నాడు కదా. ఆమెకు మండి గుర్తొచ్చింది. ఒకసారి చేనులో రెండు వందల బాక్సుల కాయ కోసి పెట్టి బండి కోసం చూశారు. బండి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు దలారి ఒకటికి రెండు బండ్లు పంపాడు. రెండు బండ్లొస్తే మాత్రం కుళ్లిన కాయ మళ్లీ గట్టిపడుతుందా? సరుకుంది, కొనేవాడున్నాడు. మధ్యలో బండి రాలేదంతే. ఈ మట్టిలోనూ సున్నముంది. అది కాయ దాకా ఎక్కి పోవాల్సిన బండి నీళ్లే. ఆ బండి ఏడు రోజులు రాకుండా ఎనిమిదో రోజు ఎనిమిది వస్తే కాయకు ఒరిగేదేమిటి?

అవ్వ ఏ వ్యవసాయ కళాశాలలోనూ చదవలేదు, కానీ మొక్కలో జరిగేది అచ్చంగా ఇదే. కాల్షియం నీటి ప్రవాహంతోనే పైకి వెళ్తుంది, వేరే దారి లేదు. ఎండకు ఎక్కువ నీళ్లు వదిలే ఆకులు ఎక్కువ లాక్కుంటాయి, నీళ్లు వదలని కాయకు మిగిలింది వస్తుంది. ఒకసారి ఆకులోకి చేరిన కాల్షియం తిరిగి కాయకు దిగి రాదు. అందుకే ఆకుల మీద కొట్టిన సీసా మందు ఆకుల దగ్గరే ఆగిపోయింది. యూరియా ఏపుకు పుట్టిన అదనపు ఆకులు కాయ వాటాను ఇంకా తగ్గించాయి. పిందె బఠానీ గింజంత ఉన్నప్పుడు జరిగిన ఈ ఎగవేత, కాయ నిమ్మకాయంత అయ్యాక బయటపడుతుంది. ఇవాళ కనిపించే నలుపు ఇవాళ్టి తప్పు కాదు. ఆ నల్లటి అడుగులో రాసి ఉన్నది శ్రీశైలం ప్రయాణం.

మర్నాడు పొద్దున్నే అవ్వ మిద్దెక్కింది. చెంబు తీసుకుపోలేదు. ఒక్కో బకెట్టు అంచు పట్టుకుని తన వైపు వాల్చి చూసింది. తడిసిన బకెట్టు బండలా కదలనంటుంది, ఎండింది లేచి వస్తుంది. మండిలో బాక్సును లేపి కిలో తేడా పట్టిన చెయ్యి కదా, నాలుగు రోజుల్లో ప్రతి బకెట్టు బరువూ ఆ చేతికి అలవాటైపోయింది. పైమట్టి ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉన్న బకెట్టును వదిలేసేది. పైకి తడిగా కనిపించినా తేలికైన దానికి పోసేది. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాడినా చెయ్యి వేసేది కాదు, సాయంత్రం చల్లబడ్డాక కూడా లేవకపోతేనే కంగారు పడేది. చేను నేర్పిన తడి లెక్క ఇక్కడ పనికి రాలేదు, మండి నేర్పిన బరువు లెక్క పనికొచ్చింది. ఏ విద్య ఎక్కడ అక్కరకొస్తుందో చెప్పలేం.

రెండో పని, గోడ మీద బొగ్గు గీత. పాలవాడి లెక్కకు తలుపు వెనక గీసేవాళ్లే, అట్లా. ఎవరు నీళ్లు పోస్తే వాళ్లు ఆ బకెట్టు ఎదురుగా ఒక గీత గీయాలి. గీత ఉంటే రెండోవాళ్లు పోయకూడదు. అడుగు బొక్కల్లోంచి నాలుగు చుక్కలు కారేదాకా పొద్దున ఒకసారి, ఎండలు ముదిరాక సాయంత్రం కొంచెం. బకెట్ల పైన ఎండాకులు రెండు వేళ్ల మందాన కప్పింది. తిండి కూడా అట్లే మార్చింది. నీళ్లు పోసిన ప్రతిసారీ కొంత సారం కింది బొక్కల్లోంచి కొట్టుకుపోతుంది కాబట్టి బకెట్లో మొక్కకు మళ్లీ మళ్లీ పెట్టాలి. అది ఇంత మట్టిలోనే ఉండిపోతుంది కాబట్టి కొంచెమే పెట్టాలి. రెండు వారాలకు గుప్పెడు వానపాముల ఎరువు, కాయ పట్టాక లీటరు నీళ్లలో రెండు గ్రాముల పొడి. కొడుకు తెచ్చిన యూరియా సంచి మెట్ల కింద గట్టిపడి గడ్డ కట్టింది. పిచికారీ సీసాలో మిగిలిన మందు ఏమైందో నాకు తెలియదు.

ఉగాదికి చారులో ఇంటి టమాట పడింది. పెద్ద పంటేం కాదు. ఆరు బకెట్ల మీద వారానికి కిలోన్నర, రెండు కిలోలు. అవ్వ మాత్రం ఒక్కో కాయను తిప్పి అడుగు చూసి మరీ బుట్టలో వేసేది.

కథ అయిపోయింది. ఇక నీతి.

ఈ కథ విన్నవాళ్లు నీతి వెంటనే చెప్పేస్తారు. “అతి పనికిరాదు” అంటారు. ఇంకొందరు “మితంగా పెట్టడమే ప్రేమ” అంటారు. నాకు ఈ రెండూ సరిపోవు. కొడుకు తప్పు ఎక్కువ పోయడం ఒక్కటే అయితే, కారు కొన్నప్పుడు కూడా ఎక్కువ ఖర్చు పెట్టడమే తప్పు అనాలి. ఆ డబ్బు ఎక్కువ కాదు. రెండెకరాల ధరను ఇరవై ఏళ్లకు పంచి చూస్తే నెలకొచ్చేది ఒక చిన్న జీతం. ఒక్కరోజున రావడమే దాని లోపం. భూమి అయితే ఆ డబ్బును ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా, తిట్టుకుంటూ ఏడ్చుకుంటూ అయినా, ఇచ్చేది.

అవ్వ మొక్కలను “చేన్ల ఉన్నదానివైతే” అని తిట్టింది చూశారా, నా లెక్కలో నీతి అక్కడ ఉంది. చేనులో మొక్కకు మనం మరిచిపోయినా కొంత దారి ఉంటుంది. వేరు తన తిండి తాను వెతుక్కుంటుంది. దాన్ని తెచ్చి బకెట్లో పెట్టిన క్షణం ఆ వెతుక్కునే హక్కును మనం తీసుకున్నాం. తీసుకున్నవాడు బదులుగా ఇవ్వాల్సింది ఎరువు సంచీ కాదు, పొర్లే నీళ్లూ కాదు. రోజూ వచ్చి అంచు పట్టి వాల్చి చూడటం. చూశాక ఒక్కోరోజు ఏమీ పోయకుండా దిగిపోవడం కూడా అందులో భాగమే. మరీ కఠినంగా అనిపించొచ్చు గానీ, రోజూ రాలేనివాడు బకెట్లో మొక్క నాటకపోవడమే దానికి చేసే మేలు.

మన చుట్టూ ఎన్ని బకెట్లున్నాయో లెక్కపెడితే భయం వేస్తుంది. పల్లె నుంచి తెచ్చి మూడో అంతస్తు ఫ్లాటులో పెట్టిన తల్లిదండ్రులు. వాకిలి, గెట్టు, పక్కింటి అరుగు అన్నీ వెతుక్కోగలిగినవాళ్లు, ఇప్పుడు మనం పోస్తేనే తడి. అమెరికా నుంచి ఏడాదికొకసారి దిగి, పదిహేను రోజుల్లో ఫ్రిజ్జూ టీవీ మందులూ కొనిచ్చి, శంషాబాదులో మళ్లీ విమానం ఎక్కే పిల్లలు మనకు కొత్తవాళ్లు కాదు. వాళ్లకు ప్రేమ లేదనడం అన్యాయం. సున్నం ఇంటినిండా ఉంది. బండే రోజూ రావడం లేదు. వాళ్లను తప్పుపట్టే ముందు నేను మా అమ్మకు కిందటి వారం ఎన్నిసార్లు ఫోను చేశానో చూసుకున్నాను. ఆ అంకె ఇక్కడ రాయను.

మిద్దె తోట అన్న మాటను ఊరూరా చేర్చినవాళ్లలో ముఖ్యుడు నారపల్లికి చెందిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి. ఆయన మొదట కథారచయిత. కథకుడికీ తోటకూ ఏం సంబంధమని ఒకప్పుడు అనుకునేవాణ్ని. రెండింటికీ రోజూ కూర్చోవాల్సి రావడమే సంబంధం అయివుంటుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ నీతి మరీ ఇంటిగుట్టుగా మిగిలిపోతుంది. తుక్కుగూడ ఉన్నది మహేశ్వరం మండలంలో. ఇక్కడి నేల కింద నీరెంతో కొలవడానికి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి 1999 ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి పనిచేసింది. మహేశ్వరం పరీవాహక ప్రాంతం, సుమారు 53 చదరపు కిలోమీటర్లు, అందుకు ప్రయోగశాల అయింది. వాళ్లు చూసింది సామాన్యుడి మాటల్లో చెబితే ఇది. పైన చివికిన మట్టీ రాయీ కొంత మందం, దాని కింద పగుళ్లు పట్టిన గ్రానైటు, ఇంకా కింద పగులు లేని బండ. నీళ్లు నిలిచేది ఆ పై రెండు పొరల్లోనే, బండ దాటి కిందికి పోవు. తోడగా తోడగా పై పొర చాలావరకు ఎండి, బోర్లు పగుళ్లలోని నీటి మీద బతుకుతున్నాయి. అంటే అవ్వ చేను కూడా ఒక బకెట్టే. కొంచెం పెద్దది, అడుగు బండది. అందులో పోసేది వాన, ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్లు, అదీ చాలావరకు నాలుగు నెలల్లో. మిగతా ఎనిమిది నెలలు ఆ బకెట్టు అంచు పట్టి వాల్చి చూసినవాళ్లు ఆ శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ లేరు. ఎవరి బోరు వాళ్లు దింపారు, ఎవరు ఎంత తోడారో ఏ గోడ మీదా బొగ్గు గీత లేదు.

మే నెల చివర ఎండలకు పూత రాలిపోయి కాత ఆగాక, అవ్వ ఆరు బకెట్లనూ ఖాళీ చేయడానికి కూర్చుంది. కొడుక్కు ఆ రోజు సెలవు. ఒక్కో బకెట్టును బోర్లించి తడితే మట్టి ముద్ద బకెట్టు ఆకారంలోనే దిగింది, చుట్టూ వేళ్లు వరిగడ్డి చుట్టలా తిరిగి ఉన్నాయి. తూర్పు మూల బకెట్టు మాత్రం లేవలేదు. కొడుకు గట్టిగా లాగబోతే అవ్వ చెయ్యి పట్టి ఆపింది. వంగి చూస్తే అడుగు బొక్కలోంచి ఒక వేరు బయటికొచ్చి, మిద్దె గచ్చు పగులు వెంట పారి, రెండడుగుల దూరంలో వాననీళ్లు పోయే గొట్టం నోట్లోకి దిగి ఉంది. ఆ గొట్టంలో ఎండాకులు అడ్డంపడి కొంచెం తేమ నిలిచింది. ఈ మొక్కకు మార్చి నుంచి ఎన్ని గీతలు పడ్డాయో గోడ మీద లెక్క ఉంది. మిగతావాటి కంటే తక్కువే ఉన్నాయి.

కొడుకు కత్తి తేవడానికి లేచాడు. అవ్వ అక్కర్లేదంది. బకెట్టును ఉన్నచోటే ఉంచి, ఎండిన కొమ్మను మొదలుకు కొంచెం పైన విరిచేసి, బొగ్గుముక్క కొడుకు చేతిలో పెట్టింది.